నూట ముప్పై ఏడో నోట్‌బుక్

చనిపోయి పదకొండు రోజులైన మోరాగ్ గిల్‌క్రిస్ట్ ఆ మంగళవారం పొద్దున తన నోట్‌బుక్‌లో కొత్త వాక్యం ఒకటి రాసింది.

ల్యాబ్‌లో మందు నాణ్యత చూసే దేదీప్య ఇంకా కోటు విప్పలేదు. బూట్లకంటిన మంచు కరిగి నేలమీద చిన్న మడుగు కడుతోంది. బల్ల ముందు అలాగే నిలబడి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది.

'ఆ మూడూ చలికి చావలేదు.'

ఇంగ్లిష్‌లో, నల్లసిరాతో, ఎడమవైపుకి వాలిన పొడుగాటి అక్షరాలు. పక్కన ఆ రోజు తేదీ. టైము 7:05. కింద పొట్టి సంతకం, ఎం.జి. ఎం చివర చిన్న కొక్కెం తిప్పడం మోరాగ్ అలవాటు. ఆ కొక్కెం కూడా ఉంది.

గడియారంలో ఏడూ నలభై. దేదీప్య సిరాని వేలితో తాకి చూసింది. ఆరిపోయింది. అయినా ఆ వేలిని కోటుకి తుడుచుకుంది.

పోయిన వారం, అంత్యక్రియల మర్నాడు, ఆ నోట్‌బుక్‌లో చివరి పేజీ కింద మిగిలిన ఖాళీ మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టింది తనే. ల్యాబ్‌లో పద్ధతి అది. ప్రతి పేజీకీ అచ్చు నంబరు ఉంటుంది. పెన్సిల్ వాడకూడదు, చెరపకూడదు. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఖాళీ వదిలితే రేపెవరో అందులో ఏదో ఇరికిస్తారని మోరాగ్ భయం. అందుకే ఆమె నోట్‌బుక్ అంటే కోర్టు సాక్ష్యంతో సమానం. యాభై ఏళ్ళలో నూట ముప్పై ఏడు నోట్‌బుక్కులు. ఆమె జీవితం మొత్తం ఆ గాజు బీరువాలో వరసగా నిలబడి ఉంది.

డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో, కార్ల కంపెనీల ఆఫీసుల మధ్య, రెండంతస్తుల ఇటుక బిల్డింగ్ అది. పై అంతస్తు మోరాగ్ ల్యాబ్. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఒక దీవిలో చేపలు పట్టేవాడి కూతురు ఆమె. తమ్ముడు కేలమ్ ఆరేళ్ళకే పోయాడు. ఆ జబ్బులో శరీరంలో ఒక రకం చక్కెర విరగదు. అది కాలేయంలో, ఆ తర్వాత మెదడులో పేరుకుంటుంది. పిల్లాడు రోజురోజుకీ ఎక్కువసేపు నిద్రపోతూ, ఒకరోజు లేవడు. మోరాగ్ ఆ చక్కెరని విరిచే ఎంజైమ్ కోసం బయోకెమిస్ట్ అయింది. అది దొరికింది కూడా తన దీవి ఒడ్డునే, కుళ్ళిన సముద్రపు నాచు మీద పెరిగే ఒక బాక్టీరియాలో. దాన్ని మందుగా మార్చేసరికి ఆమెకి ఎనభై ఒకటి వచ్చాయి.

ఆ మందు ఇప్పుడు కింది అంతస్తు ఫ్రీజర్‌లో ఉంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా దేదీప్య మందు బయటికి పంపే రిలీజ్ కాగితం మీద సంతకం పెడితే కొరియర్ వచ్చి పట్టుకెళతాడు. సోమవారం పిల్లల ఆసుపత్రిలో, ప్రపంచంలోనే మొదటిసారిగా, ఒక మనిషికి ఎక్కిస్తారు. ఆ మనిషి పేరు కృతి. ఏడేళ్ళ పిల్ల, కేలమ్‌కి వచ్చిన జబ్బే. దేదీప్య అపార్ట్‌మెంట్‌కి నాలుగు వీధుల అవతలే ఉంటారు.

ఇక 'ఆ మూడూ' అంటే ఏమిటో దేదీప్యకి అర్థం కాకపోవడానికి లేదు. మందు ఎక్కించిన నలభై ఎలుకల్లో జనవరి తొమ్మిదిన మూడు చచ్చిపోయాయి. మూడూ తొమ్మిదో బోనులోవే. ఇదే నోట్‌బుక్ ఎనభై ఎనిమిదో పేజీలో మోరాగ్ రాసింది: 'బోను కింది హీటింగ్ ప్యాడ్ చెడింది. చలికి చచ్చాయి. మందుకి సంబంధం లేదు. కొనసాగించవచ్చు.' ఆ పేజీ చూపించాకే మనిషికి ఎక్కించే అనుమతి కదిలింది.

అప్పుడు ఏ చెయ్యి ఔనని రాసిందో, అదే చెయ్యి ఇప్పుడు కాదంటోంది.

"ఏమ్మా దీపూ, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావ్?"

దేదీప్య ఉలిక్కిపడింది. గుమ్మంలో ఆదిశేషు. మంకీ క్యాప్, చంకలో కాఫీ ఫ్లాస్కు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళుగా మోరాగ్ దగ్గర ల్యాబ్ మేనేజర్. చివరి రోజుల్లో ఆమె చక్రాల కుర్చీ తోసిందీ, సూప్ తాగించిందీ ఆయనే.

"ఇలా రండి అంకుల్. ఇది చూడండి."

ఆయన కళ్ళజోడు మార్చుకుని వంగాడు. ఒక్క వాక్యం చదవడానికి అంతసేపు ఎందుకు పడుతోందో దేదీప్యకి అర్థం కాలేదు. పెదాలు మాత్రం మెల్లగా కదిలాయి.

"ఎవడో పనిలేనివాడి తమాషా" అన్నాడు చివరికి. "గీత కొట్టి సంతకం పెట్టెయ్."

"ఎవరండీ తమాషా చేసేది? నేను, మీరు, డైరెక్టర్ శ్రీరామ్ గారు. ఈ గదికి ఇంకెవరొస్తారు?"

"శ్రీరామ్‌కి తన సంతకమే సరిగ్గా రాదు. ఇంకొకరిది ఎక్కడ పెడతాడు?" ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "కాఫీ తాగుతావా?"

దేదీప్య కాఫీ తాగలేదు. కిందికి వెళ్ళి తలుపుల కార్డు రికార్డు తీయించింది. సెక్యూరిటీ అతను స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ఆ రోజు పొద్దున బిల్డింగ్‌లోకి వచ్చిన మొదటి కార్డు వెనక తలుపుది. 6:52. పేరు: గిల్‌క్రిస్ట్, ఎం.

పరుగున పైకొచ్చి ఆదిశేషుని అడిగింది. "మేడమ్ కార్డు ఎక్కడుంది?"

"ఆవిడ మెళ్ళోనే ఉందమ్మా" అన్నాడాయన గ్లాసులు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే. "పెట్టె మూసేముందు నేనే సర్దాను."

*

బుధవారం పొద్దున ఇంకో వాక్యం ఉంది.

'నాకు చెప్పినప్పుడు వాటి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందన్నారు.'

7:05. ఎం.జి. కొక్కెం.

దేదీప్య నోట్‌బుక్ మూసేసింది. ఎలుకల గదికి పోయి జనవరి తొమ్మిది నాటి ఉష్ణోగ్రత చార్టు తీసింది. రోజంతా ఇరవై రెండు డిగ్రీలు. గీత ఎక్కడా వంగలేదు. ఆ గదిలో ప్యాడ్ చెడినా ఎలుక చలికి చావడం కష్టం.

చార్టు పట్టుకుని డైరెక్టర్ శ్రీరామ్ గదికి వెళ్ళింది. ఆయన విజయవాడ మనిషి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నా కోపమొస్తే బెజవాడ యాసలోకి దిగుతాడు.

"అది రూమ్ టెంపరేచరమ్మా. బోనులో ఎంతుందో అందులో ఎక్కడుంది? ప్యాడ్ ఎక్కువ వేడెక్కి ఉండొచ్చు, షాక్ కొట్టి ఉండొచ్చు. రాసింది ఆవిడ. నువ్విప్పుడు ఏమని రాస్తావ్ రిపోర్ట్‌లో? డాక్టర్ గిల్‌క్రిస్ట్ ఆత్మ అబ్జెక్షన్ చెప్పిందనా?"

"ఎవరో రాస్తున్నారు సార్."

"పట్టుకో మరి. లేదంటే ఫ్రైడే సంతకం పెట్టు. ట్రయల్ ఆపమంటే ఆపుతా, నేనేం రాక్షసుణ్ణి కాదు. కారణం చూపించు. కాగితం మీద."

బయటికొచ్చేసరికి ఫోన్ మోగింది. రష్మి. కృతి వాళ్ళమ్మ.

"దీపూ, బిజీనా? మీ మేడమ్ మందు గురించి కృతి ఒకటే గొడవ. నువ్వు చెప్తేగాని వినదంట. ఇస్తున్నా."

"హాయ్ దీపు ఆంటీ. ఆ మెడిసిన్ యకీగా ఉంటాదా?"

"తాగేది కాదురా. చేతికి ట్యూబ్ పెడతారు. టేస్ట్ ఉండదు."

"ఓ. గుడ్." ఆవలింత. "నేను స్లీప్ చేస్తా ఇప్పుడు."

టైము పొద్దున పదకొండున్నర.

మళ్ళీ రష్మి గొంతు. ఈసారి పక్కగదిలోకి వెళ్ళినట్టుంది, మెల్లగా మాట్లాడింది. "రోజుకి పదహారు గంటలు పడుకుంటోందే. నిన్న అన్నం ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయింది. సోమవారం పక్కా కదా?"

దేదీప్య చేతిలోని చార్టు మడిచింది. "ఫ్రైడే నేను సంతకం పెట్టాలి" అంది.

"నువ్వే కదా పెట్టేది! ఇంక టెన్షనేముంది."

*

గురువారం దేదీప్య ఆరింపావుకే వచ్చి పార్కింగ్‌లో కారు ఆపి, లైట్లార్పి కూర్చుంది. మిషిగన్ ఫిబ్రవరి. ఇంకా తెల్లారలేదు. మంచు సన్నగా రాలుతోంది. వైపర్ వేస్తే తను అక్కడున్నట్టు తెలుస్తుందని అద్దాన్ని లోపలినుంచి చేత్తో తుడుస్తోంది.

ఏడు దాటి రెండు నిమిషాలకి పై అంతస్తులో మోరాగ్ గది కిటికీ వెలిగింది.

తలుపు తెరిచి పరుగెత్తింది. మంచు మీద జారి మోకాలు కొట్టుకుంది. లేచింది. ముందు తలుపు, మెట్లు, కారిడార్. గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. చక్రాల కుర్చీ బల్లకి దగ్గరగా జరిపి ఉంది. పోయిన వారం దాన్ని మడిచి గోడకి ఆనించింది తనే. గదిలో పిప్పర్‌మెంట్ వాసన. మోరాగ్ రోజంతా నోట్లో ఒక పిప్పర్‌మెంట్ బిళ్ళ పెట్టుకునేది.

నోట్‌బుక్ తెరిచి ఉంది. సిరా తడిగా మెరుస్తోంది.

'నేను ఆపమన్నాను.'

దేదీప్య ఆ కుర్చీలో కూర్చోలేక నేలమీదే కూలబడింది. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు మోరాగ్ తన మణికట్టు పట్టుకుంది. వణికే చేతులతోనే గట్టిగా. "మీరంతా మంచి పని చేశారమ్మాయీ. అంత ధైర్యం తేలిక కాదు" అంది. ట్రయల్ గురించి అనుకుని దేదీప్య థాంక్స్ చెప్పింది. ఆమె మెచ్చుకున్నది ఆపినందుకా?

ఆపమన్న మనిషి 'కొనసాగించవచ్చు' అని ఎందుకు రాసింది?

ఇరవై నిమిషాల తర్వాత ముందు తలుపు నుంచే వచ్చాడు ఆదిశేషు, ఫ్లాస్కు పట్టుకుని. టోపీ మీద మంచు. దేదీప్య మోకాలు చూసి అయ్యయ్యో అంటూ ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెచ్చాడు. ఆమె ఆ మూడో వాక్యం గురించి ఆయనతో ఏమీ అనలేదు. ఎందుకో అనాలనిపించలేదు.

ఆ రోజంతా గది లోపల గడియ పెట్టుకుని బీరువాలో నోట్‌బుక్కులు ఒక్కొక్కటీ దించింది. మోరాగ్ ఎప్పుడైనా అబద్ధం రాసిందా? ఒక్కసారి రాసిన చెయ్యి అంతకుముందూ రాసే ఉంటుంది. యంత్రాలు అచ్చు వేసిన పాత కాగితాలు పక్కన పెట్టుకుని, పేజీల మీది తేదీలూ, టైములూ, అంకెలూ వాటితో సరిచూడటం మొదలెట్టింది.

మొదటి నోట్‌బుక్ 1971. ఉప్పునీటి మరకలున్నాయి. నాచు ఏరిన చోటు పటం గీసుకుంది. ఒక మూల 'కేలమ్‌కి ఈ రోజు పదిహేడు నిండేవి' అని రాసుకుని, ఇది సైన్స్ కాదనిపించిందేమో, ఒక్క గీతతో కొట్టేసి పొట్టి సంతకం పెట్టింది. ముప్పై మూడో నోట్‌బుక్‌లో ఒక ఏడాది పని మొత్తం తప్పని తేలిన రోజు ఉంది. 'తప్పు నాది. ఉప్పు శాతం రెండింతలు వేశాను. మళ్ళీ మొదటినుంచి.' అంతే. ఏడుపూ లేదు, సాకూ లేదు. అరవయ్యో నోట్‌బుక్, ఎనభయ్యో నోట్‌బుక్. ఎక్కడా ఒక్క అంకె తేడా రాలేదు.

తేడా ఇంకోచోట వచ్చింది.

మోరాగ్ ప్రతి పేజీ మీదా రాయడం మొదలుపెట్టిన టైము వేసేది. శుక్రవారం పేజీలన్నీ పదకొండు గంటలకి. వారం పని మొత్తం పదకొండుకి కూర్చుని రాసేది, నలభై ఏళ్ళ అలవాటు. సోమవారం ఎనిమిదికి. నూట పన్నెండో నోట్‌బుక్ వరకూ అంతే. నూట పదమూడులో, అంటే తొమ్మిదేళ్ళ కిందట, శుక్రవారం పదకొండు మాయమైంది. 12:05. తర్వాతి శుక్రవారం 12:10. ఆ తర్వాత 12:05. సోమవారం ఎనిమిది లేదు. 9:05, 9:05, 9:10. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా ఒక్క పేజీ లేదు. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా లేదు. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా.

దేదీప్య పెన్ను కింద పెట్టింది. ఈ అంకెలు తనకి తెలుసు. చిన్నప్పుడు గుంటూరులో అమ్మమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పిన అంకెలివి. ఇండియన్ స్టోర్‌లో సామాన్లు కొంటే ఊరికే ఇచ్చే క్యాలెండర్ మీద, ప్రతి తేదీ కిందా చీమల్లాంటి అక్షరాలతో ఉండే అంకెలు.

రాహుకాలం.

చర్చికి కూడా వెళ్ళని స్కాట్లాండ్ ముసలావిడ, తొమ్మిదేళ్ళపాటు ఒక్కటంటే ఒక్క పేజీ కూడా రాహుకాలంలో మొదలుపెట్టలేదు.

ఆ క్యాలెండర్ ఈ ల్యాబ్‌లో ఎవరి బల్ల మీద వేలాడుతుందో ఆమెకి తెలుసు. ఆగకుండా వణికే మోరాగ్ చేతులు, కాఫీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకునే మనిషి. "పెన్ను పట్టుకుంటే వణుకు పోతుంది నాకు" అనేది మోరాగ్. రాసేటప్పుడు తలుపు వేయించుకునేది. లోపల ఆమెతోపాటు ఎప్పుడూ ఒక్కరే ఉండేవారు.

*

శుక్రవారం పదీ నలభైకి ఆదిశేషుని ఆ గదికి పిలిచి, దేదీప్య తలుపు వేసింది. బల్ల మీద నోట్‌బుక్, పెన్ను. పక్కన సంతకం లేని రిలీజ్ కాగితం.

"అంకుల్, ఇందులో ఒక్క వాక్యం రాయండి."

"నేనా? ఏం రాయాలి?"

"ఈ రోజు ఆవిడ ఏం చెప్తే అది."

ఆదిశేషు ఆమె మొహంలోకి చూశాడు. కూర్చున్నాడు. అలవాటైన చోటే కూర్చున్నాడు, కుర్చీకి ఎడం పక్కన చిన్న స్టూలు మీద. పెన్ను మూత తీశాడు. గోడ గడియారం వైపు చూసి మళ్ళీ మూత పెట్టేశాడు.

"పన్నెండు దాటనీ అమ్మా."

"పన్నెండుకి నేను సంతకం పెట్టాలి."

"ఒక్క గంటేగా. దాటాక..."

"దాటాక మందు దార్లో ఉంటుంది అంకుల్." ఆమె తొమ్మిదేళ్ళ టైములు రాసుకున్న కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన పైనుంచి కింది దాకా చదివాడు. చదివి, వింతగా, కొంచెం గర్వంగా నవ్వాడు.

"నువ్వొక్కదానివే పట్టుకోగలవు దీన్ని. ఆ శ్రీరామ్‌గాడు ఏ కాలమూ చూడడు."

పేరు తలచినట్టే ఫోన్ మోగింది. శ్రీరామ్. "కొరియర్ కింద వెయిట్ చేస్తున్నాడమ్మా. ఏంటి లేటు?"

"ఆయన్ని వెయిట్ చెయ్యమనండి" అని పెట్టేసింది. స్క్రీన్ మీద రష్మి మెసేజ్ ఉంది. 'కృతి బ్యాగ్ సర్దేసుకుంది. పింక్ సాక్స్ తెచ్చుకోవచ్చా అంట.'

ఆదిశేషు చొక్కా జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నీలం తాడు, తెల్లజుట్టు ఫోటో. "పెట్టెలో పెట్టలేకపోయాను" అన్నాడు. పిప్పర్‌మెంట్ వాసన ఆయన దగ్గర్నుంచి వచ్చింది. దవడలో బిళ్ళ ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన వాటిని ముట్టుకోవడం దేదీప్య చూడలేదు, ఎవరూ చెప్పగా వినలేదు.

"రాస్తాను అంకుల్. మీరు చెప్పండి."

"నువ్వే రాయాలి. నేను రాస్తే నా రాత రావట్లేదమ్మా. మొన్న మనవరాలికి బర్త్‌డే కార్డు మీద 'తాతయ్య' అని ఇంగ్లిష్‌లో రాశాను. ఆవిడ రాతే వచ్చింది. తొమ్మిదేళ్ళు. నాది ఎలా ఉండేదో గుర్తులేదు."

దేదీప్య కొత్త పేజీ తిప్పింది. తేదీ వేసింది. టైము 10:52 వేస్తుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పింది చెప్పినట్టు రాయి. ఒక్క మాట మార్చకు."

"మార్చను."

"ముందు ఇది రాయి. ఆ మందు పాపకి ఎక్కించొద్దు. ఆ మూడు ఎలుకల్నీ చంపింది మందే."

దేదీప్య రాసింది. రాసి, రిలీజ్ కాగితం దగ్గరికి లాక్కుని, ఈ మూల నుంచి ఆ మూలకి గీత గీసి పొట్టి సంతకం పెట్టింది. మళ్ళీ నోట్‌బుక్ మీదికి వంగింది.

"నా పేరు ఆదిశేషు. ఈ ల్యాబ్‌లో మేనేజర్ని. తొమ్మిదేళ్ళ కిందట డాక్టర్ గారి చేతులకి వణుకొచ్చింది. ఆ తర్వాత కళ్ళు పోవడం మొదలైంది. తెలిస్తే రిటైర్ చేసేస్తారని భయపడింది. నువ్వు నా చెయ్యివి ఆదీ, అంది. ఆరు నెలలు కూర్చుని ఆవిడ రాత నేర్చుకున్నాను. ఆవిడ చెప్పేది, నేను రాసేవాణ్ణి. రాసింది చదివి వినిపించమనేది. వింటూ ప్రతి కామా ఎక్కడ పెట్టానో అడిగేది. తొమ్మిదేళ్ళలో నేను మార్చింది ఒక్క పేజీ. ఎనభై ఎనిమిది.

"జనవరి తొమ్మిదిన తొమ్మిదో బోను చూసింది నేనే. మూడూ పక్కకి ఒరిగి ఉన్నాయి, ఒళ్ళు వెచ్చగా ఉంది. నోట్‌బుక్ పట్టుకుని ఆవిడ ఇంటికి పరుగెత్తి చెప్పాను. ఆవిడ అప్పటికే మంచం మీద ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉందా అని రెండుసార్లు అడిగింది. తర్వాత చెప్పింది. ఎంజైమ్‌తోపాటు ఇంకో ప్రోటీన్ ఏదో అంటుకుని వస్తోంది ఆదీ, అది రక్తాన్ని గడ్డకట్టిస్తోంది, ఆపేయమను, శుభ్రం చేసే పద్ధతి చెప్తాను రాసుకో, ఎనిమిది వారాల పని, అంది. పద్ధతి మొత్తం చెప్పింది. అదంతా నాకు గుర్తుంది, తర్వాత చెప్తాను, అదీ రాసుకో.

"నేను రాయలేదు. ఆవిడకి ఎనిమిది వారాలు లేవు. డాక్టర్లు అయిదు అన్నారు. యాభై ఏళ్ళు పనిచేసిన మనిషి, మొదటి బిడ్డకి మందు వెళ్ళడం వినకుండా పోతుందా అనుకున్నాను. అలా అనుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం కూడా రాయి. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ పేపర్లలో చివర్న 'సహాయానికి కృతజ్ఞతలు' అనేచోట ఉండేది నా పేరు. ఈసారి పైన వేసింది. తన పేరు పక్కన. ఆగితే కొత్తగా ఎవరో వస్తారు, పేపర్ తిరగరాస్తారు, నా పేరు మళ్ళీ కిందికి పోతుంది. మూడు ఎలుకలే కదా, ముప్పై ఏడు బతికాయి కదా అనుకున్నాను. కృతి నా ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తిన్న పిల్ల. అప్పుడు ఆ పిల్ల నాకు గుర్తు రాలేదు. గుర్తు రాలేదని రాయి.

"ఎలుకల్ని కాల్చేశాను. హీటింగ్ ప్యాడ్ వైరు కత్తిరించాను. ఆపేశారా అని ఆవిడ రోజూ అడిగేది. ఆపేశాం అనేవాణ్ణి. శుభ్రం చేసే పని మొదలైందా అనేది. మొదలైంది అనేవాణ్ణి. ఆ రోజే మొదలుపెట్టుంటే, దీపూ, ఇంకో వారంలో అయిపోయేది. కృతికి మంచి మందు అందేది.

"మంగళవారం పొద్దున ఆరింటికి వంటింట్లో ఉండగా ఆవిడ గొంతు వినిపించింది. ఆ ర్ర్ అని స్కాట్లాండ్ వాళ్ళలా నాలిక తిప్పడం కూడా. రాసుకో ఆదీ, అంది. కారెక్కాను. ఎలా వచ్చానో తెలియదు. రోజుకి ఒక్క వాక్యమే చెప్పింది. నా పిచ్చే అనుకో. కానీ ఈసారి ఒక్క మాట మార్చలేదు. నా నోటితో నీకు చెప్పే ధైర్యం లేక ఆ రాత చాటున దాక్కున్నాను అని కూడా రాయి, అదీ నిజమే.

"జనవరి తొమ్మిదిన, ఎనభై ఎనిమిదో పేజీ రాయడం అయ్యాక, చదివి వినిపించు అంది. ఎప్పటిలాగే. పేజీ ఆవిడ మొహానికి జానెడు దూరంలో పెట్టుకున్నాను. 'కొనసాగించవచ్చు' అని ఉన్నచోట వేలు పెట్టి, 'వెంటనే ఆపేయండి' అని చదివాను. ఆవిడ తల ఊపింది. 'బాగుంది ఆదీ, అందరికీ అర్థమయ్యేలా ఉంది' అని నా చెయ్యి నిమిరింది."